తాను దానిమ్మ చెట్టు కానని ఎరినో పెట్టుకున్న అర్జీ

సృష్టికి ముందు శూన్యం ఉండేదని, శూన్యంలోంచి భూమి, భూమిలోంచి ఆకాశం, ఆ ఇద్దరిలోంచి దేవతలు పుట్టుకొచ్చారని, ఎవరు ఎవరికి పుట్టారో గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాకపోయేసరికి చివరికి వంశావళి కార్యాలయం పుట్టిందని పెద్దలు చెబుతారు. (కార్యాలయం వారు ఈ వరసను ఒప్పుకోరు. ముందు పుట్టింది తామేనని, తమ దగ్గర నమోదయ్యాకే శూన్యం అమల్లోకి వచ్చిందని వారి వాదన.)

గ్రీకు దేశంలో, ఆర్కేడియా సీమలోని హైలేసా ఊళ్లో, సంత వీధి చివర ఆ కార్యాలయం శాఖ ఒకటి ఉంది. అందులో చిట్టాలు, పలకలు లాంటివేవీ కనబడవు. రికార్డు మొత్తం పాటే. ఫలానా దేవుడు ఫలానా ఆమెను ఎత్తుకుపోగా ఫలానా వీరుడు పుట్టెను, అతడు ఫలానా ఊరు కట్టెను అంటూ వేల పంక్తులు అక్కడి ఉద్యోగుల నోటికి వచ్చు. నిబంధన చాలా సులువైనది. వరసగా మూడు పండగల్లో పాడి, మూడుసార్లూ జనం చేత చప్పట్లు కొట్టించుకున్నది ఏదైనా నిజం. ఆ చప్పట్లు పాటకు కొట్టారా, పక్కనే నిప్పుల మీద చిటపటలాడుతున్న ఎద్దు తొడకు కొట్టారా అని ఆరా తీసే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

ఉద్యోగానికి అర్హత ఒక్కటే: అంధుడై ఉండాలి. చూపున్నవాడు కళ్లెదుట ఉన్నది ఉన్నట్టు పాడేస్తాడని, అలాంటి వంశావళికి మర్యాద ఉండదని పూర్వీకుల భయం. తర్వాత్తర్వాత అర్హులు దొరకడం కష్టమైంది కాబట్టి, చూపున్నవారు పని వేళల్లో కళ్లకు గంతలు కట్టుకుంటే చాలునని సడలింపు ఇచ్చారు. ప్రస్తుతం హైలేసా శాఖలో పదకొండు మంది ఉద్యోగులు, పదకొండు గంతలు ఉన్నాయి. గంతలు నెలకోసారి ఉతికిస్తారు.

ఇంతటి మహత్తర వ్యవస్థతో తనకేం పని పడుతుందని ఎరినో ఏనాడూ అనుకోలేదు. ఊరికి పూట నడక దూరంలో, కొండ వాలున రాళ్ల మధ్య ఉబికే ఒక ఊటకు ఆమె దేవత. ఊట చిన్నది కాబట్టి దేవత కూడా చిన్నదే. పాలరాతి గుడి లేదు, పూజారి లేడు. వేసవిలో దాహం తీర్చుకున్న కాపరులు రాతి మీద ఓ గిన్నెడు పాలు, ఓ తేనె రొట్టె పెట్టి వెళ్తే అదే ఉత్సవం. ఆమె తండ్రి మెలాన్ నది. తాతగారు లోకం చుట్టూ పారే మహాసముద్రుడు. ఆయనకు మూడు వేల మంది కూతుళ్లు, అంటే ఎరినోకి మూడు వేల మంది మేనత్తలు. వాళ్లలో ఆమెను పేరు పెట్టి పిలిచిన అత్త ఒక్కతీ లేదు.

ఇరవై ఏళ్ల క్రితం ఎరినో, డోరియస్ అనే మేకల కాపరిని పెళ్లి చేసుకుంది. ఆమెను ఎవరూ తరమలేదు. ఎద్దు రూపంలో గానీ, హంస రూపంలో గానీ, వానజల్లు రూపంలో గానీ ఏ దేవుడూ రాలేదు. అతను నీళ్లకు వచ్చాడు, ఆమె ఇచ్చింది, మళ్లీ మళ్లీ దాహం వేసింది. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న పెళ్లి కాబట్టి అది ఏ పాటలోనూ లేదు. ద్రోసో అని ఒక కూతురు పుట్టింది. పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు డోరియస్ చలిజ్వరంతో పోయాడు. అప్పట్నుంచి తల్లీ కూతుళ్లిద్దరే, ఊట గట్టున మేకలు కాచుకుంటూ, జున్ను చేసుకుంటూ బతుకుతున్నారు. ఊట తేటగా ఉన్నన్నాళ్లూ ఊటదేవతకు చావు లేదు. నీళ్లు చెడితే మాత్రం ఆమె చెడుతుంది, ఆమె కడుపున పుట్టిన పిల్లా చెడుతుంది. ఎరినోకి ఆ భయం ఒక్కటే ఉండేది.

ఆ భయం ఒక రోజు పొద్దున్నే కొలతకర్రలు పట్టుకుని ముగ్గురు మనుషుల రూపంలో వచ్చింది.

"ఎవరు నాయనా మీరు? ఆ కర్రలేంటి?" అంది ఎరినో, గిన్నె తోముతున్నదల్లా ఆపి.

"తొట్లు కడతాం తల్లీ. తోళ్లు నానబెట్టడానికి," అన్నాడు వాళ్లలో పెద్దాయన. వాళ్లు హైలేసా తోళ్ల పనివాళ్లు. "వసంత పండగ అయిపోగానే ఈ నీళ్లు మావే. ఊరి సభవాళ్లు ఇచ్చేశారు."

"మీవేంటి? ఇది నా ఊట."

"నీదెట్టా అవుద్దమ్మా? ఎరినోది. ఆవిడేమో చెట్టయిపోయింది. దిక్కులేని నీళ్లు."

"నేనే ఎరినోని!"

పెద్దాయన ఆమె వైపు జాలిగా చూశాడు. "పాట మూడేళ్లు విన్నాను తల్లీ. దానిమ్మ చెట్టయింది. కాయలు కూడా కాసిందంట."

జరిగిందేమిటో ఎరినోకి ఆ తర్వాత తెలిసింది. హైలేసా ఊరిని నిజానికి ఎవరూ స్థాపించలేదు. ఎప్పుడో కొందరు గొర్రెల కాపరులు కాళ్లు నొప్పి పుట్టి అక్కడ ఆగారు, మళ్లీ లేవలేదు. అయితే పక్క ఊరికి స్వయానా జ్యూస్ దేవుడి మనవడు స్థాపకుడుగా ఉన్నాడు. సంతలో ఎదురుపడినప్పుడల్లా ఆ ఊరివాళ్లు అడగకుండానే ఆ సంగతి చెబుతుండేవారు. అవమానం పట్టలేక హైలేసా సభ తమకూ ఒక వీరుణ్ణి పుట్టించమని వంశావళి కార్యాలయానికి ఆజ్ఞ ఇచ్చింది. వీరుడికి తండ్రిగా ఒక దేవుడు కావాలి, హెర్మెస్ దొరికాడు. తల్లిగా స్థానికురాలు, నది కూతురు, పాట నడకకు సరిపోయే పేరున్నది కావాలి. మెలాన్ నదికి ఉన్న నలభై మంది కూతుళ్లలో పదహారు మంది పేర్లు పాటలో పట్టలేదు. పదిహేడోది పట్టింది. అలా హెర్మెస్ ఎరినోని తరిమాడు, ఆమె తండ్రిని వేడుకుంది, తండ్రి ఆమెను దానిమ్మ చెట్టుగా మార్చాడు, ఆమెకు హైలేసస్ అనే వీరుడు పుట్టి ఊరు కట్టాడు. చెట్టయ్యాక కన్నదా, కన్నాక చెట్టయిందా అని ఒక ముసలాయన లేచి అడిగాడు గానీ, ఆయనకు మాంసం రెండు ముక్కలు ఎక్కువ వడ్డించడంతో సందేహం తీరిపోయింది.

పండగకు ఇంకా నెల రోజులుంది. ఎరినో కొంగులో జున్ను కట్టుకుని కార్యాలయానికి బయల్దేరింది.

అక్కడ నాలుగు కిటికీలున్నాయి. పుట్టినవారు, ఎత్తుకుపోబడినవారు, మారిపోయినవారు, ఇతరములు. మారిపోయినవారి కిటికీ ముందు మళ్లీ చెట్లకు, పక్షులకు, చుక్కలకు వేర్వేరు వరసలు. (చుక్కలైనవారి వరస ఖాళీగా ఉంది. వాళ్లకు దిగి వచ్చే తీరిక ఉండదు.) చెట్ల వరసలో ఎరినో ముందు నిలబడ్డామెకు నడుం దాకా బెరడు ఉంది.

"సగంలో ఆగిపోయిందమ్మా," అంది ఆవిడ, అడక్కముందే. "కింద సగానికి అనుమతి వచ్చింది, పై సగానిది ఎక్కడో ఉండిపోయింది. పన్నెండేళ్ల నుంచీ తిరుగుతున్నాను. తిరగడం అంటే, మా తమ్ముళ్లు మోసుకొస్తారులే."

మధ్యాహ్నానికి ఎరినో వంతు వచ్చింది. కిటికీ వెనక ముఖ్య గాయకాధికారి థ్రాసిల్లస్ కూర్చున్నాడు. అరవై ఏళ్ల మనిషి, చక్కటి గొంతు, కళ్లకు నీలం అంచు గంత.

"పేరు?"

"ఎరినో. మెలాన్ నది కూతుర్ని. పదిహేడోదాన్ని."

థ్రాసిల్లస్ గొంతు సవరించుకుని శూన్యం దగ్గర మొదలుపెట్టాడు. రికార్డు వెతకడమంటే అంతే. మధ్యలోంచి అందుకుంటే తప్పిపోతుంది. భూమి, ఆకాశం, రాక్షసులు, వాళ్ల తగాదాలు, మూడు వేల మంది మేనత్తలు అందరూ గడిచాక, వెనక వరసలో ఇద్దరు గురక పెడుతుండగా, ఆయన ఆ పంక్తి దగ్గరికి చేరాడు.

"ఆ, దొరికింది. దానిమ్మ చెట్టు. కాపు బాగుంది. ఇంకేం కావాలి?"

"నేను చెట్టుని కానయ్యా. ఒక్కసారి చూడండి."

"పని వేళల్లో చూడం."

"పోనీ ఈ చెయ్యి ముట్టుకుని చూడండి, బెరడుందేమో."

"పరాయి ఆడదాని చెయ్యి పట్టుకోవడం ఎత్తుకుపోబడినవారి కిటికీలో జరుగుద్దమ్మా. ఇక్కడ కాదు."

"మాట్లాడుతున్నాను కదయ్యా! చెట్లెక్కడైనా మాట్లాడతాయా?"

"డొడోనా గుళ్లో ఓక్ చెట్టు మాట్లాడుద్ది. జరగబోయేది కూడా చెబుద్ది," అన్నాడు థ్రాసిల్లస్ ఓపిగ్గా. "నువ్వు అదన్నా చెప్పలేకపోతున్నావు."

అంతలో భోజనం గంట కొట్టారు. పదకొండు గంతలూ ఒక్కసారి విప్పారు. థ్రాసిల్లస్ బార్లీ రొట్టె, గుప్పెడు ఆలివ్ కాయలు తీసుకుని బయటికి వచ్చి, గోడ నీడన కూర్చోబోతూ ఎరినోని చూసి ముఖం చేటంత చేసుకున్నాడు.

"ఎవరూ, ఎరినోవా! డోరియస్ పెళ్లానివి కదూ నువ్వు? ఎన్నేళ్లయిందమ్మా చూసి! మీ ఆయన చేసిన జున్ను మర్చిపోతామా. అమ్మాయి బాగుందా?"

ఎరినోకి ప్రాణం లేచొచ్చింది. జున్ను ముద్ద మొత్తం ఆయన చేతిలో పెట్టింది. "బాగుందయ్యా. చూశారుగా నన్ను! నేను చెట్టుని కానని ఇప్పుడే ఓ పంక్తి కట్టెయ్యండి, మీకు పుణ్యం ఉంటుంది."

"భోజనం వేళ చూసింది చెల్లదమ్మా," అన్నాడాయన జున్ను కొరుకుతూ, నిజంగానే బాధపడుతూ. "ఇప్పుడు నేను అధికారిని కాను. తింటున్న మనిషిని. ఒక పని చెయ్యి. మీ నాన్నగారి చేత చెప్పించు. ఆడది ఉందా లేదా అన్న దానికి తండ్రి మాటే సాక్ష్యం."

మెలాన్ నది రెల్లుగడ్డం నిమురుకుంటూ మోచేతి మీద ఒరిగి పారుతున్నాడు. ఎరినో గట్టు దిగి పాదాలు తడిపి నిలబడింది.

"నాన్నా, నేను."

"ఎన్నోదానివే?"

"పదిహేడు."

ఆయన కళ్లు ఠక్కున నీళ్లతో నిండాయి. (నది కాబట్టి అందుకు పెద్ద శ్రమ పడనక్కర్లేదు.) "పదిహేడా! అది నా బంగారు తల్లి. పాపం, చెట్టయిపోయింది. నేనే మార్చానట."

"నువ్వు మార్చలేదు నాన్నా. నేను మారలేదు. ఎదురుగా ఉన్నాను చూడు. చెట్టు కాలేదని కార్యాలయంలో ఒక్క మాట చెప్పు, చాలు."

మెలాన్ ఆమెను చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడో, గుర్తుపట్టకూడదనుకున్నాడో ఆమెకు తెలియలేదు.

"ఏటా నాకో నల్ల పొట్టేలిని కోస్తున్నారే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "కూతుర్ని పోగొట్టుకున్న తండ్రినని. అంతకుముందు నేనంటే దాటడానికి అడ్డం వచ్చే నీళ్లే ఈ జనానికి. ఇప్పుడు ఆడవాళ్లు గట్టున కూర్చుని నాతోపాటు ఏడుస్తున్నారు. మూడేళ్లు ఏడ్చాను నీకోసం. రెండుసార్లు గట్టు తెగింది. ఇప్పుడు వచ్చి బతికే ఉన్నానంటే ఆ ఏడుపంతా ఏం చేసుకోమంటావు?"

"నేను బతికున్నందుకు నీకు సంతోషం లేదా?"

"ఎందుకుండదే! ఉంటుంది. లోపల ఉంటుంది. బయటికి చెప్పమంటేనే ఇబ్బంది."

ఎరినోకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. తను ఏడిస్తే ఆయన కూడా మొదలుపెడతాడని, దిగువ పొలాలు మునుగుతాయని తలచుకుని మింగేసింది. మర్నాడు మెలాన్ తన సాక్ష్యం పంపించాడు. తనకు చాలామంది కూతుళ్లున్నారని, వారందరూ తనకు సమానమేనని, పోయినవారు మరింత సమానమని అందులో ఉంది.

తండ్రి మాట అటూ ఇటూ కాకుండా ఉన్నందున, కార్యాలయం వారు చెట్టునే విచారించాలని నిర్ణయించారు. ఊటకు కాస్త ఎగువన నిజంగానే ఒక దానిమ్మ చెట్టు ఉంది. డోరియస్ నాటిన చెట్టు. టెల్మిస్ అనే పరిశీలకుడు గంత కట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చి, మొదట ఒక మేకకు నమస్కరించి, తర్వాత చెట్టు ముందు నిలబడ్డాడు.

"నువ్వు ఎరినోవేనా?"

చెట్టు ఊరుకుంది.

"నేను, ఎరినోని, ఇక్కడున్నాను!" అని పక్క నుంచి అరిచింది ఎరినో.

"నువ్వు ఎరినోవేనా?"

చెట్టు ఊరుకుంది. మూడోసారి అడిగాక పోయిన కాపులో కొమ్మకే మిగిలిన కాయ ఒకటి గాలికి రాలి టెల్మిస్ కాలి మీద పడింది. 'చెట్టు అంగీకరించెను. సమీపమున ఒక స్త్రీ అరుచుచుండెను, సంబంధము తెలియరాలేదు' అన్నది నివేదిక. ఆ కాయను ద్రోసో తీసి, రాతికేసి పగలగొట్టి, గింజలు సగం తల్లి చేతిలో పోసింది. పదిహేడేళ్ల పిల్ల, నాన్న నవ్వు, నాన్న మొండితనం.

"తినవే అమ్మా. నువ్వే. తియ్యగానే ఉన్నావు."

"నీకు నవ్వులాటగా ఉంది. ఆ తోళ్లకంపు నీళ్లలో కలిసిందంటే నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

"నాకు తెలుసు," అంది ద్రోసో గింజలు నముల్తూ. "తెలిస్తే నవ్వకూడదా?"

పండగ పది రోజుల్లోకి వచ్చింది. ఎరినో మళ్లీ కిటికీ ముందు నిలబడింది. ఈసారి జున్ను తేలేదు.

"చెట్టు సంగతి మర్చిపోమ్మా. అది అయిపోయింది," అన్నాడు థ్రాసిల్లస్. "చెట్టయినా ఫరవాలేదు, వారసులుంటే ఊట నిలబడుద్ది. నీకు కొడుకున్నాడు, హైలేసస్."

"వాణ్ణి నేను కనలేదయ్యా."

"నువ్వు కనలేదు. నీకు పుట్టాడు. అతను స్వర్గస్థుడు కాబట్టి అతని తరఫున సభ ఆ నీళ్లు తోళ్లవాళ్లకి ఇచ్చింది. పద్ధతి ప్రకారం సరిగ్గానే ఉంది."

"నాకు కూతురుంది."

"కూతురా!" థ్రాసిల్లస్ ముందుకు వంగాడు. గంత కింద ముఖం వెలిగింది. "మరి ముందే చెప్పవేం? కూతురి పేరున ఊటలు బోలెడున్నాయి, వాటిని సభ కూడా ముట్టుకోదు. ఊ, చెప్పు. ఏ దేవుడు ఎత్తుకుపోయాడు?"

"ఎవరూ ఎత్తుకుపోలేదు."

"తరిమాడా, పోనీ?"

"లేదు."

"ఎద్దు? హంస? గుర్రం? పక్షి అయిందా? ఆవు అయిందా? అసూయపడ్డ పెద్ద దేవత ఎవరైనా శపించిందా? తండ్రి బలి ఇచ్చాడా? సముద్రంలో దూకిందా?"

"ఏమీ జరగలేదయ్యా. బాగానే ఉంది. పొద్దున్నే మేకలు తోలుకెళ్లింది."

థ్రాసిల్లస్ వెనక్కి వాలాడు. "బాగానే ఉంటే పాటెక్కడిదమ్మా?"

ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట ఎగతాళిగా అనలేదు. "నా నోట్లో నాలుగు వేల మంది ఆడవాళ్లున్నారు. పొద్దున లేచింది, పని చేసుకుంది, పిల్లల్ని పెంచుకుంది, హాయిగా ఉంది అని పాటకెక్కినది ఒక్కతీ లేదు. ఉంటే మా తాతలే పాడేవాళ్లు. వినేవాళ్లు ఉండొద్దూ? నువ్వు వెళ్లి అమ్మాయితో ఆలోచించుకో. ఎత్తుకుపోవడం, మారిపోవడం అయితే మూడేళ్లు పాడాలి, మనకంత టైం లేదు. సభవాళ్లనడిగి మినహాయింపు తెస్తాను. చావుకైతే మినహాయింపు కూడా అక్కర్లేదు. ఒక్కసారి పాడితే చాలు, జనం ఏడిస్తే మూడు చప్పట్ల కింద లెక్క."

ద్రోసో ఇదంతా విని, మేకను ఒడిసిపట్టుకుని పాలు పితుకుతూనే తీర్పు చెప్పేసింది. "ఎత్తుకుపోయాడని పాడించు. వినడానికి బాగుంటుంది. అపోలోని పెట్టించు, అందగాడు."

"ఒద్దే తల్లీ! దేవుళ్లు పండగలకు వస్తారు. పాట వింటారు. 'ఈ పిల్లని నేనెప్పుడు ఎత్తుకుపోయానబ్బా' అని బుర్ర గోక్కుని, సరే మర్చిపోయిన పని చేసి పోదామని ఇటే దిగుతారు."

"పోనీ చెట్టు?"

"ఇంట్లో ఒక చెట్టు చాలు."

"అయితే ఇంకేముంది, చావే," అంది ద్రోసో. "పాము కరిచి. పాములు పండగలకు రావు కదా. ఏ కాలికి కరిపించమంటావు? ఎడమ కాలికైతే బాగుంటుంది, కుడి కాలికి మొన్నే ముల్లు గుచ్చుకుంది."

"నోర్ముయ్యవే."

"పాటలోనే కదమ్మా. నేను ఇక్కడే ఉంటా. నీళ్లు ఇక్కడే ఉంటాయి."

ఎరినో ఊట దగ్గరికి వెళ్లి, రాళ్ల మీద నాచు గీకడానికి కూర్చుంది. మొగుణ్ణి తన చేతులతో పూడ్చి వచ్చిన మనిషి. చావు మాట ఎంత బరువో తెలుసు. నా కూతురు చచ్చిపోయింది అని ఒకసారి నోటితో అనుకుని చూసింది, అది పూర్తి కాకముందే నాలుక చల్లబడింది. అనకపోతే పండగ మర్నాడు తొట్లు వస్తాయి, వారం తిరిగేసరికి నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ఆ పిల్ల నిజంగానే పోతుంది. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలో తెలుస్తూనే ఉంది. తెలిసినా, చీకటి పడేదాకా నాచు గీకుతూనే కూర్చుంది.

పండగ నాడు థ్రాసిల్లస్ కొత్త గంత కట్టుకుని, తంత్రులు మీటి, ఎనిమిది పంక్తులు పాడాడు. మెలాన్ మనవరాలు, హైలేసస్ చెల్లెలు ద్రోసో, ఊట గట్టున పూలు కోస్తుండగా పాము ఎడమ మడమ మీద కాటు వేసింది. నీళ్లు ఆమెను ఒడిలోకి తీసుకున్నాయి, ఆమె పేరు పెట్టుకున్నాయి. (తల్లి పేరు పంక్తిలో పట్టలేదు.) ఎంత బాగా పాడాడంటే ఆయన గంతే తడిసిపోయింది. ఆడవాళ్లు జుట్టు విరబోసుకున్నారు. అందరికంటే పెద్దగా ఏడ్చింది తోళ్ల పనివాళ్ల పెద్దాయన. ఆ నీళ్ల జోలికి పోతే తన చేతులు పడిపోవాలని అక్కడికక్కడే ఒట్టేశాడు. దూరంగా మెలాన్ గట్టు మరోసారి తెగిన చప్పుడు వినబడింది.

గుంపులో తల్లి పక్కనే నిలబడి నువ్వులుండ తింటున్న ద్రోసో కళ్లు కూడా చెమ్మగిల్లాయి. "పాపం అమ్మా, ఎంత చిన్నపిల్లో," అంది.

"ష్, నోట్లో ఆ ఉండేంటి? పిల్ల చచ్చిపోతే తిండి ఎట్టా సయిస్తోందే నీకు?" అని వెనక నుంచి ఎవరో గద్దించారు.

ఎరినో కూతురి మణికట్టు పట్టుకుంది, చర్మం కింద నాడి కొట్టుకుంటోందో లేదో చూసుకుంది, కొట్టుకుంటోంది, అయినా వదల్లేదు. ఏడవాల్సిన అవసరం లేదని తెలిసీ, ఊళ్లో అందరికంటే ఎక్కువసేపు ఏడ్చింది.

ఊట నిలిచింది. దాని పేరు ద్రోసో ఊట అయింది. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు ఒక జుట్టు పాయ కోసి అక్కడ పెట్టడం ఆచారమైంది, ఆ పాయలను ఊడ్చి ఎత్తిపోయడం ద్రోసో పనైంది. వచ్చినవాళ్లు ఆమెను ఊట కాపలా పిల్ల అనుకుంటారు. ఆ పుణ్యాత్మురాలి పేరు పెట్టుకోవడానికి నీకెంత ధైర్యమని ఒకావిడ కోప్పడింది కూడా. ద్రోసో నవ్వేసి, అప్పట్నుంచి పేరు అడిగితే చెప్పడం మానేసింది. ఆ మానెయ్యడం మాత్రం ఎరినోకి గుచ్చుకుంది.

మరుసటి ఏడు వసంతానికి ముందు, థ్రాసిల్లస్‌కు జున్ను ఇచ్చి పోదామని ఎరినో కార్యాలయానికి వెళ్లింది. ఇతరములు కిటికీ ఎత్తేసి, దాని స్థానంలో పాముకాటు కిటికీ తెరిచారు. వరస సంత వీధి మలుపు దాకా ఉంది. వాగులు, మడుగులు, చెలమలు, తేనెతుట్టెల కొండలు, ఎవరి చిన్న ఆస్తి వారికుంది, ఎవరి తోళ్లవాళ్లు వారికున్నారు. పేర్లలో తప్పులు దొర్లకుండా చనిపోయిన కూతురు స్వయంగా హాజరు కావాలని నిబంధన పెట్టారు కాబట్టి, ప్రతి తల్లి పక్కనా ఒక పిల్ల నిక్షేపంగా నిలబడి, పక్క పిల్లతో కబుర్లు చెబుతోంది.

వరస చివర ఒకామె ఒంటరిగా ఉంది. బూడిద పూసుకున్న జుట్టు, చేతిలో చిన్న చెప్పుల జత. ఆమె వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. థ్రాసిల్లస్ ఎంతో మర్యాదగా, ఈ ఏటి పాముకాట్లు భర్తీ అయిపోయాయని, వచ్చే వసంతానికి పెందలాడే, అమ్మాయిని వెంటబెట్టుకుని రమ్మని చెప్పి పంపించాడు.